టామాక్సిఫెన్ వాడుతూ సోయా మాత్రలు వేసుకోవచ్చా? ఇల్లినాయ్ ల్యాబ్ పరిశోధన గురించి తెలిసినవాళ్లు చెప్పండి

వెన్నెల (పోస్టు 1)

అందరికీ నమస్కారం. మా అక్కకి 49 ఏళ్లు. పోయినేడాది రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగే రకం అని రిపోర్టులో వచ్చింది. కీమో, రేడియేషన్ అయిపోయాయి. కీమో మొదలైన రెండో నెల నుంచే నెలసరి ఆగిపోయింది. ఇప్పుడు ఆ ఈస్ట్రోజెన్‌ని రొమ్ము కణాల దగ్గర అడ్డుకునే టామాక్సిఫెన్ రోజూ 20 మి.గ్రా. వేసుకుంటోంది.

అసలు బాధ ఒంట్లోంచి వచ్చే ఆవిర్లు. రాత్రి మూడు నాలుగు సార్లు చెమటతో తడిసి లేస్తుంది. అది చూడలేక తన స్నేహితురాలు సోయా ఐసోఫ్లేవోన్ (సోయాలో ఉండే మొక్కల ఈస్ట్రోజెన్) మాత్రలు తెచ్చిచ్చింది, మొక్కల నుంచి తీసినవే కదా ఏం కాదు అని. రెండు నెలలుగా వేసుకుంటోందట. డాక్టరుకి చెప్పలేదు. నాకూ మొన్నే తెలిసింది.

వాటి గురించి వెతుకుతుంటే విలియం హెల్ఫరిక్ అనే పోషకాహార శాస్త్రవేత్త పేరు కనిపించింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో సోయాలోని జెనిస్టీన్ అనే ఐసోఫ్లేవోన్ టామాక్సిఫెన్ పనిని చెడగొట్టిందని చదివాను. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. అక్కకి చెప్తే తను ఇంకా భయపడి సోయా పాలు, టోఫు, ఆఖరికి సోయా నూనె కూడా మానేసింది. ఇంకో పక్క సోయా తిన్నవాళ్లకే క్యాన్సర్ తక్కువ తిరగబెడుతుందని రాసినవీ ఉన్నాయి. రెండూ ఎలా నిజమవుతాయి? ఆ పరిశోధన చదివినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

నిర్వాహకులు (పోస్టు 2)

వెన్నెల గారూ, ఇక్కడ జవాబుల కోసం ఆగకుండా ఆ మాత్రల సంగతి రేపే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. టామాక్సిఫెన్ మాత్రం సొంతంగా ఆపొద్దు. చర్చ కొనసాగించండి.

సంపంగి (పోస్టు 3)

వెన్నెలా, నాకు ఆపరేషన్ అయి ఆరేళ్లు. నాదీ రిసెప్టర్ పాజిటివే. మొదటి రెండేళ్లు సోయా అన్న మాట కనిపిస్తే చాలు, ఆ పొట్లం తిరిగి అరలో పెట్టేసేదాన్ని. బిస్కెట్ ప్యాకెట్ వెనక సోయా లెసిథిన్ అని ఉంటే పిల్లలకి కూడా కొనలేదు. ఎందుకు మానాలో ఎవరూ వివరంగా చెప్పలేదు, మానమన్నారంతే. మీ అక్క ఎంత బెదిరిపోయి ఉంటుందో నాకు తెలుసు. ముందు తన పక్కన కూర్చో తల్లీ. లెక్కలు తర్వాత చూసుకోవచ్చు.

కణశాస్త్రం (పోస్టు 4)

రొమ్ము క్యాన్సర్ కణాలతో ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. హెల్ఫరిక్ బృందం పేపర్లు మాకు పాఠాల్లాంటివి. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

1990ల్లో జెనిస్టీన్ మీద చాలా ఆశ ఉండేది. కణాలు పెరగమని సంకేతాలు పంపే టైరోసిన్ కైనేజ్ అనే ఎంజైములను అది అడ్డుకుంటుందని 1987లో తేలింది. గాజు పాత్రలో ఎక్కువ గాఢతలో పోస్తే క్యాన్సర్ కణాల పెరుగుదల ఆగేది. దాంతో సోయా క్యాన్సర్‌ని చంపుతుందని పత్రికలు రాశాయి. కానీ అంత గాఢత తిండితో రక్తంలోకి రాదు. తిండితో వచ్చేంత తక్కువ గాఢతలో పోసి చూస్తే అవే కణాలు ఆగడం పోయి పెరిగాయి. ఒకే పదార్థం, మోతాదును బట్టి రెండు రకాల ప్రవర్తన.

కారణం దాని ఆకారం. మన ఒంట్లోని ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్ అణువుకీ జెనిస్టీన్‌కీ పోలిక ఉంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ అనే తాళంలో జెనిస్టీన్ కూడా దూరుతుంది, కాకపోతే వదులుగా. 1996లో రెండో రకం రిసెప్టర్, అంటే బీటా బయటపడింది. జెనిస్టీన్ ఆల్ఫా కంటే ఆ బీటాకే ఎక్కువ అతుక్కుంటుంది. మొక్కల ఈస్ట్రోజెన్‌లు మేలు చేస్తాయనేవాళ్లు ఈ బీటానే చూపిస్తారు. రొమ్ము కణితిని పెంచేది ప్రధానంగా ఆల్ఫా.

హెల్ఫరిక్ బృందం ఏం చేసిందంటే, థైమస్ గ్రంథి లేకుండా పుట్టే ఎలుకలను తీసుకున్నారు. వాటికి మనిషి కణాలు ఎక్కించినా తిప్పికొట్టే శక్తి ఉండదు. వాటి అండాశయాలు తీసేశారు. అంటే ఒంట్లో సొంత ఈస్ట్రోజెన్ దాదాపు లేదు, మెనోపాజ్ దాటిన స్త్రీ లాంటి స్థితి. చర్మం కింద ఎంసీఎఫ్-7 కణాలు పెట్టారు. ఇవి 1970లో ఒక రొమ్ము క్యాన్సర్ రోగి నుంచి తీసి ఇప్పటికీ ప్రపంచమంతా పెంచుతున్న కణాలు, ఈస్ట్రోజెన్ ఉంటేనే పెరుగుతాయి. ఆ ఎలుకల మేతలో జెనిస్టీన్ కలిపారు. 1998లో వచ్చిన పేపర్‌లో కణితులు పెరిగాయి. 2001లో మోతాదు మార్చి చూశారు. మేతలో జెనిస్టీన్ పెంచే కొద్దీ కణితి పెరిగింది.

మీరు చదివినది 2002 నాటి పేపర్. టామాక్సిఫెన్‌తో అణచి ఉంచిన కణితులు, మేతలో జెనిస్టీన్ చేర్చగానే ఆ అణచివేతను చాలావరకు తప్పించుకున్నాయి. 2008లో లెట్రోజోల్‌తోనూ అలాంటి ఫలితమే వచ్చింది. ఇది అర్థం చేసుకోవడం తేలిక. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్ తయారు కాకుండా ఆపుతుంది. చెరువు తూము మూసేశారనుకోండి. జెనిస్టీన్ ఆ చెరువు నీరే కాదు, పక్క కాలువలోంచి నేరుగా పొలంలోకి వస్తుంది. తూము ఎంత గట్టిగా మూసినా ఆ నీళ్లు ఆగవు.

అందుకే మీ అక్క మాత్రల విషయంలో మీ భయం ఊరికే పుట్టింది కాదు.

వెన్నెల (పోస్టు 5)

చాలా థాంక్సండి. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. అక్కకి కూడా నెలసరి ఆగిపోయింది. అంటే ఆ ఎలుకల స్థితే కదా?

లెక్కలమాస్టారు (పోస్టు 6)

అమ్మా, ఒక్క నిమిషం. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. మా ఆవిడ జబ్బు రోజుల్లో ఈ పేపర్లన్నీ తిరగేశాను. ఎలుకను చూసి మనిషికి తీర్పు చెప్పకూడదు. మనుషుల లెక్కలు ఇవిగో.

షాంఘైలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 5,042 మందిని గమనించారు, 2009లో జామా పత్రికలో వచ్చింది. సోయా ఆహారం బాగా తిన్న పాతిక శాతం మందిని, అతి తక్కువ తిన్న పాతిక శాతంతో పోలిస్తే మరణాలు 29 శాతం, క్యాన్సర్ తిరగబెట్టడం 32 శాతం తక్కువ. రిసెప్టర్ పాజిటివ్ వాళ్లలోనూ నెగటివ్ వాళ్లలోనూ, టామాక్సిఫెన్ వాడేవాళ్లలోనూ వాడనివాళ్లలోనూ ఇదే పోకడ. వాళ్లు చిన్నప్పటినుంచి సోయా తిన్నవాళ్లు, అందరికీ వర్తించదు అనొచ్చు. అందుకే 2012లో అమెరికా, చైనా అధ్యయనాలను కలిపి 9,514 మందిని చూశారు. రోజుకి 10 మి.గ్రా. లేదా అంతకు మించి ఐసోఫ్లేవోన్‌లు తిన్నవాళ్లలో తిరగబెట్టే ప్రమాదం సుమారు 25 శాతం తక్కువ.

సోయా టామాక్సిఫెన్‌ని నిజంగా చెడగొట్టేదైతే ఇన్ని వేల మందిలో ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా. ఒక ల్యాబ్‌లోని ఎలుకల వల్ల లక్షల మంది మంచి తిండి మానేశారన్నది నా బాధ. ఇది మాత్రం గట్టిగానే చెప్తాను.

కణశాస్త్రం (పోస్టు 7)

మాస్టారూ, మీరు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. కానీ హెల్ఫరిక్ బృందం సోయా తినొద్దని చెప్పిందన్నట్టు రాశారు, అది సరికాదు. వాళ్ల పేపర్లలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది 2004లో వచ్చింది, దాని గురించి జనం మాట్లాడేది మాత్రం చాలా తక్కువ.

అందులో ఎలుకలను గుంపులు చేసి, ఒక గుంపుకి సోయా పిండి, మిగతావాటికి దాన్ని శుద్ధి చేస్తూ పోతే వచ్చే పదార్థాలు, చివరి గుంపుకి దాదాపు శుద్ధమైన జెనిస్టిన్ (చక్కెర అణువు అతుక్కుని ఉన్న జెనిస్టీన్) పెట్టారు. అన్ని మేతల్లోనూ జెనిస్టీన్ మోతాదు సమానం. పిండి తిన్న ఎలుకల్లో కణితి పెరగనూ లేదు, తగ్గనూ లేదు. శుద్ధి చేసే కొద్దీ కణితి పెరుగుదల పెరిగింది. ఎలుక అదే, కణం అదే, మోతాదు అదే. మారింది ఒక్కటే, జెనిస్టీన్ చుట్టూ ఉన్న మిగతా గింజ.

మీ షాంఘై స్త్రీలు తిన్నది గింజ, పాలు, టోఫు. వెన్నెల గారి అక్క మింగుతున్నది గింజలోంచి విడదీసిన పొడి. ఎలుక, మనిషి అని తగువు పడే ముందు ఈ తేడా చూడాలి. మీరూ నేనూ చెరో వస్తువు గురించి మాట్లాడుతున్నామని నాకనిపిస్తోంది.

వెన్నెల గారూ, మీ ప్రశ్నకి: నెలసరి ఆగడం వరకే పోలిక. ఒక పెద్ద తేడా ఉంది. మనిషి ఒంట్లో పేగు, కాలేయం కలిసి జెనిస్టీన్‌ని చాలావరకు వేరే అణువులతో కట్టి పడేస్తాయి. అలా కట్టేసినది రిసెప్టర్‌లో దూరలేదు. ఎలుకల్లో ఆ పని అంత బాగా జరగదు, స్వేచ్ఛగా తిరిగే జెనిస్టీన్ వాటి రక్తంలో మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 2011లో ఇది కొలిచి చూపించారు. కాబట్టి మీ అక్క ఆ ఎలుక కాదు. అలాగని మాత్రలు కొనసాగించమని నేను అనను.

అన్నపూర్ణ_డైట్ (పోస్టు 8)

డైటీషియన్‌ని. క్యాన్సర్ వార్డులో పనిచేస్తాను. మా దగ్గరికొచ్చేవాళ్లు అడిగేది కూడా సరిగ్గా ఇదే.

కప్పు సోయా పాలలో, లేదా వంద గ్రాముల టోఫులో సుమారు 25 మి.గ్రా. ఐసోఫ్లేవోన్‌లు ఉంటాయి. రోజుకి ఒకటి రెండు సార్లు ఇలా తినడం వల్ల హాని జరిగినట్టు మనుషుల అధ్యయనాల్లో కనబడలేదు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కూడా సోయా ఆహారం సురక్షితమేనని చెప్తుంది, సప్లిమెంట్ల విషయంలో మాత్రం జాగ్రత్త అంటుంది. ఒక్క మాత్రలోనే 40 నుంచి 100 మి.గ్రా. వరకు ఉండొచ్చు, రోజుకి రెండు వేసుకునేవాళ్లను చూశాను.

సోయా నూనెలో ఐసోఫ్లేవోన్‌లు దాదాపు ఉండవు. అవి నూనెలో కరగవు, గింజలోని ప్రోటీన్ భాగంతో ఉండిపోతాయి. లెసిథిన్‌లో ఉండేదీ లెక్కలోకి రానంత. సంపంగి అక్కా, ఆ రెండేళ్ల బిస్కెట్ల గురించి చదివి నిజంగా బాధ వేసింది. ఒక్క ముక్కలో చెప్పి ఉండాల్సిన విషయం.

సంపంగి (పోస్టు 9)

పోనీలే అమ్మా, ఇప్పటికైనా తెలిసింది.

గడ్డిపువ్వు (పోస్టు 10)

పశువైద్యం చదివినవాణ్ణి, మనుషుల సంగతి నా పరిధి కాదు. కానీ మొక్కల ఈస్ట్రోజెన్‌ల కథ మా శాఖలోనే మొదలైంది కాబట్టి రాస్తున్నాను.

1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెలు ఉన్నట్టుండి చూలు కట్టడం మానేశాయి. కట్టినవాటిలో కాన్పు కష్టాలు, గర్భసంచి జారిపోవడం. పొట్టేళ్లలో లోపం లేదు. చివరికి తేలిందేమిటంటే, మేత కోసం విస్తారంగా వేసిన సబ్‌టెరేనియన్ క్లోవర్ అనే గడ్డి. 1946లో దీని మీద పేపర్ వచ్చింది, క్లోవర్ జబ్బు అనే పేరు పడింది. ఆ గడ్డిలోని ఫార్మోనొనెటిన్ గొర్రె మొదటి పొట్టలోని సూక్ష్మజీవుల వల్ల ఈక్వాల్‌గా మారుతుంది. ఈక్వాల్‌కి ఈస్ట్రోజెన్ గుణం ఎక్కువ. తర్వాత ఆ పదార్థం తక్కువ ఉన్న క్లోవర్ రకాలు వెతికి వేశారు.

మొక్క నుంచి వచ్చిందే కదా, ఏమీ చేయదు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ గొర్రెలు గుర్తొస్తాయి. మందలకు మందలు గొడ్డుబోయాయి.

కణశాస్త్రం (పోస్టు 11)

బాగా గుర్తు చేశారు. ఆ ఈక్వాల్ మనుషుల్లోనూ తయారవుతుంది, సోయాలోని ఇంకో ఐసోఫ్లేవోన్ డైడ్జీన్ నుంచి. కాకపోతే అందరిలో కాదు. ఆ పని చేసే పేగు బ్యాక్టీరియా పాశ్చాత్య దేశాల్లో పాతిక ముప్పై శాతం మందిలోనే ఉంటుంది, సోయా బాగా తినే తూర్పు ఆసియాలో సగం మందికి పైగా ఉంటుంది. ఒకే మాత్ర ఇద్దరికి ఒకేలా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

చిన్నితల్లి (పోస్టు 12)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అవిసె గింజల్లో కూడా ఈ మొక్కల ఈస్ట్రోజెన్‌లు ఉంటాయంటారు కదా? మా అమ్మకి రొమ్ము క్యాన్సర్, లెట్రోజోల్ మీద ఉంది. మలబద్ధకానికి రోజూ రెండు చెంచాల అవిసె పొడి తింటుంది. ఆపేయాలా?

అన్నపూర్ణ_డైట్ (పోస్టు 13)

అవిసెలో ఉండేవి లిగ్నాన్‌లు, ఇది వేరే కుటుంబం. పేగు బ్యాక్టీరియా వాటిని ఎంటరోలాక్టోన్‌గా మారుస్తుంది. టొరంటో విశ్వవిద్యాలయంలో లిలియన్ థాంప్సన్ అనే పోషకాహార శాస్త్రవేత్త జీవితమంతా దీని మీదే పనిచేశారు. 2005లో ఆమె బృందం, మెనోపాజ్ దాటి, ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు 25 గ్రాముల అవిసె పొడి కలిపిన మఫిన్ రోజూ తినిపించింది. పోలిక కోసం ఇంకో గుంపుకి అవిసె లేని మఫిన్. ఆపరేషన్‌లో తీసిన కణితిని పరీక్షిస్తే, అవిసె తిన్నవాళ్లలో కేఐ-67 అనే పెరుగుదల గుర్తు సుమారు 34 శాతం తగ్గింది. పాల్గొన్నది ముప్పై మంది చిల్లర, అంతే. మందుగా చెప్పడానికి చాలదు, భయపడక్కర్లేదు అనడానికి చాలు. అమ్మ రెండు చెంచాలు తినొచ్చు, డాక్టరు చెవిన ఒకసారి వేయండి. గింజను గింజగానే మింగితే అలాగే బయటికి పోతుంది, పొడి చేయాలి. అవిసె నూనెలో లిగ్నాన్‌లు ఉండవు.

లెక్కలమాస్టారు (పోస్టు 14)

రాత్రి కణశాస్త్రం గారి పోస్టు మళ్లీ చదివాను. నేను తిండి గురించి మాట్లాడుతూ మాత్రకి కూడా సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది. అది నా పొరపాటు, వెన్నెల గారు క్షమించాలి.

నేను చెప్పని ఒక అధ్యయనం ఉంది. 2014లో వచ్చింది. రొమ్ము క్యాన్సర్ తేలిన 140 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఆపరేషన్ లోపు ఉన్న కొద్ది రోజులు ఒక గుంపుకి సోయా ప్రోటీన్ పొడి, ఇంకో గుంపుకి పాల ప్రోటీన్ పొడి ఇచ్చారు. కేఐ-67లో తేడా రాలేదు. కానీ సోయా గుంపులో రక్తంలో జెనిస్టీన్ బాగా పెరిగినవాళ్ల కణితుల్లో, కణ విభజనకి సంబంధించిన కొన్ని జన్యువులు ఎక్కువగా పనిచేస్తున్నట్టు కనిపించింది. అదీ ఒకటి నుంచి నాలుగు వారాల్లోపే. దాన్ని పట్టుకుని హాని రుజువైందని నేను అనను, పక్కన పెట్టేయడానికీ మనసొప్పదు. ఇచ్చింది శుద్ధి చేసిన పొడి అన్నది గమనించాలి.

2017లో 6,235 మందితో వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఐసోఫ్లేవోన్‌లు ఎక్కువ తిన్నవాళ్లలో మరణాలు 21 శాతం తక్కువ. అయితే ఆ మేలు ముఖ్యంగా హార్మోన్ రిసెప్టర్ నెగటివ్ వాళ్లలో, హార్మోన్ మందులు వాడనివాళ్లలో కనబడింది. వాడేవాళ్లలో హాని లేదు, స్పష్టమైన మేలూ లేదు. మా ఆవిడ పాజిటివ్. ఆమెకి నేనే రోజూ సోయా పాలు కాచి ఇచ్చేవాణ్ణి, ఇది మేలు చేస్తుంది తాగు అని. హాని చేయలేదన్న మాట వరకు నాకిప్పుడు చాలు.

సంపంగి (పోస్టు 15)

మాస్టారూ, ఆ పాలు మీ చేతి మీదుగా తాగింది కదా ఆవిడ.

వెన్నెలా, ఆవిర్లకి వేరే దారులున్నాయి. నాకు వెన్లాఫాక్సిన్ తక్కువ డోసులో ఇచ్చారు, రెండు వారాల్లో రాత్రిళ్లు నిద్ర పట్టింది. డిప్రెషన్ మందు అని పేరు చూసి కంగారు పడొద్దు. ఒకటి మాత్రం గుర్తుంచుకో. అదే కోవలోని పారోక్సిటిన్ టామాక్సిఫెన్‌తో కలవదు. టామాక్సిఫెన్ కాలేయంలో మారితేనే బాగా పనిచేస్తుందట, ఆ మార్చే ఎంజైముని పారోక్సిటిన్ అడ్డుకుంటుంది. మా డాక్టరు బొమ్మ గీసి చెప్పారు. అందుకని ఎవరో ఇచ్చిన మాత్ర వద్దు, మీ డాక్టరు రాసిందే.

వెన్నెల (పోస్టు 16)

ఐదు రోజుల తర్వాత వస్తున్నాను. అక్కని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వెళ్లే ముందు, మందు, బలం మాత్ర, ఏదైనా సరే వేసుకునేవన్నీ తెమ్మన్నారు. అల్మారాలోంచి అక్క రెండు సీసాలు తీసింది. ఒకటి నాకు తెలిసిందే. రెండోది "స్త్రీల ఆరోగ్యానికి మూలికల మిశ్రమం" అని రాసి ఉన్న ఆకుపచ్చ సీసా. అందులో సోయా లేదు కాబట్టి ఫర్వాలేదనుకుని వేసుకుంటూనే ఉందట. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే మొదటి పేరే రెడ్ క్లోవర్.

గడ్డిపువ్వు గారూ, మీరు ఆ గొర్రెల సంగతి రాయకపోతే ఆ పేరు చదివి కూడా నేను సీసా మళ్లీ అల్మారాలోనే పెట్టేసేదాన్ని. చేతులెత్తి దండం పెడుతున్నాను.

డాక్టరు రెండూ ఆపించారు. కోప్పడలేదు. అక్క ఆవిర్ల గురించి ఇన్నాళ్లూ తనకి చెప్పలేదని మాత్రం బాధపడ్డారు. వెన్లాఫాక్సిన్ రాశారు, టామాక్సిఫెన్ అలాగే కొనసాగించమన్నారు. సోయా పాలు ఇష్టమైతే రోజుకో గ్లాసు తాగొచ్చన్నారు. రెండు నెలల మాత్రల వల్ల ఏమైనా జరిగి ఉంటుందా అని అక్క అడిగింది. మామూలుగా చేసే పరీక్షలు వేళకి చేయిద్దాం, దీనికోసం ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదన్నారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేనూ పక్కనే కూర్చున్నాను, సంపంగి అక్క చెప్పినట్టు.

కణశాస్త్రం గారూ, ఒక్క సందేహం. రెడ్ క్లోవర్‌లో కూడా జెనిస్టీన్ ఉంటుందా?

కణశాస్త్రం (పోస్టు 17)

జెనిస్టీన్ పేరుతో కొద్దిగానే ఉంటుంది. ఎక్కువగా ఉండేవి బయోకానిన్-ఏ, ఫార్మోనొనెటిన్. ఒంట్లోకి వెళ్లాక మొదటిది జెనిస్టీన్‌గానే మారుతుంది, రెండోది డైడ్జీన్‌గా. సీసా మీద సోయా లేదని ఉన్నా చేరేది అక్కడికే. ఆపించి చాలా మంచి పని చేశారు.

గడ్డిపువ్వు (పోస్టు 18)

వెన్నెల గారూ, అక్కకి రాత్రిళ్లు నిద్ర పడుతోందో లేదో రెండు వారాల తర్వాత ఒక ముక్క రాయండి.